పెరటి కూరగాయల నిల్వకు కరెంటు అక్కరలేని ఆరబెట్టు పెట్టె

ఏలూరు: ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాలలో శీతకాలం చివరి నాటికి పెరటి పాదులు, మడులు ఒక్కసారిగా కాపునకు వస్తాయి. ఇంటి అవసరానికి మించిన టమాట, కాకర, గోరుచిక్కుడు, మునగాకు ఇరుగుపొరుగు వారికి పంచగా మిగిలినది చాలాచోట్ల పశువుల తొట్టికి చేరుతుంది. ధర పడిపోయిన రోజులలో సంతకు తీసుకువెళ్లిన ఖర్చు కూడా రాదు. ఇటువంటి మిగులును ఒరుగులుగా ఎండబెట్టి దాచుకొనడం ఈ ప్రాంత గృహిణులకు తరతరాలుగా తెలిసిన విద్యయే. అయితే చాపపైన, మేడపైన ఆరబెట్టిన ముక్కలు ఒక ఏడు చక్కగా నిలిచి, మరొక ఏడు తొలకరి రాకముందే బూజు పట్టడం కూడా వారికి అనుభవమే. విద్యుత్ సరఫరాతో పని లేకుండా, ఊరి వడ్రంగి చేత చేయించుకొనదగిన సౌర ఆరబెట్టు పెట్టె ఈ నష్టాన్ని చాలావరకు నివారించగలదు.

ముక్కలు సరిగా ఆరకపోవడానికి ఈ ప్రాంతంలో ప్రధాన కారణం ఎండ కొరత కాదు, గాలిలోని తేమ. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు, లోతు తక్కువగా గల విశాలమైన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు, పంట కాలువల నీరు ఇందులో చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతాయి. 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరిన ఈ సరస్సుకు తోడు, చుట్టూ చేపల చెరువులు, వరి చేలు ఉన్నందున లంక గ్రామాలలో గాలి సహజంగానే తడిగా ఉంటుంది. 30 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద 80 శాతం సాపేక్ష ఆర్ద్రత గల గాలి కూరగాయ ముక్క నుండి నీటిని నెమ్మదిగా మాత్రమే గ్రహిస్తుంది. అదే గాలిని 45 డిగ్రీలకు వేడి చేసినచో ఆర్ద్రత సుమారు 35 శాతానికి, 50 డిగ్రీలకు వేడి చేసినచో 28 శాతానికి తగ్గుతుంది. కనుక గాలిని వేడెక్కించడం, ముక్కల మీదుగా నడిపించడం, తేమతో సహా వెలుపలికి పంపడం అనే మూడు పనులను పెట్టె చేయవలసి ఉంటుంది. మూడవ పనిని మరచి, గాలి పోయే దారి లేకుండా బిగించిన పెట్టెలో ముక్కలు ఆరవు; ఉడుకుతాయి.

పెట్టె తూర్పు పడమరలుగా 4 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 3 అడుగులు ఉంటే ఒక కుటుంబానికి సరిపోతుంది. దక్షిణపు గోడ ఎత్తు 9 అంగుళాలు, ఉత్తరపు గోడ ఎత్తు 20 అంగుళాలు ఉంచినచో పైకప్పు అద్దం దక్షిణానికి సుమారు 17 డిగ్రీలు వాలుతుంది. ఏలూరు అక్షాంశం కూడా దాదాపు అంతే. ఈ వాలు వలన అద్దంపై పడిన చినుకు జారిపోతుంది. అడుగున రెండు పలకలు వేసి, వాటి నడుమ రెండంగుళాల మేర పొడి వరి ఊక నింపినచో వేడి కిందికి పోదు. డెల్టాలో రైసు మిల్లు ఉన్న ప్రతి చోటా ఊక దొరుకుతుంది గనుక దీనికి థర్మోకోల్ కొనవలసిన అవసరం లేదు. లోపలి భాగానికి మెరుపు లేని నల్ల రంగు వేసి, వాసన పోయే వరకు ఖాళీ పెట్టెను కొన్ని రోజులు ఎండలో ఉంచాలి.

దక్షిణపు గోడ అడుగున గాలి ప్రవేశించుటకు, ఉత్తరపు గోడ పైభాగాన గాలి వెలువడుటకు నాలుగడుగుల పొడవున అంగుళం వెడల్పు చీలికలు వదలి, ఈగలు చొరబడకుండా సన్నని వల బిగించాలి. పై చీలిక కింది చీలిక కంటే చిన్నదిగా ఉండరాదు. రెండింటికీ మూతలు అవసరం. వాటి ఉపయోగం రాత్రివేళ తెలుస్తుంది. ముక్కలు పరచే జల్లెడలకు స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఆహార పదార్థాలకు తగిన నైలాను వల వాడాలి. జింకు పూత గల ఇనుప వల చవకగా లభించినప్పటికీ, టమాట, మామిడి ముక్కలలోని పులుపు ఆ పూతను కరిగిస్తుంది. పెట్టె కాళ్లను నీటి గిన్నెలలో నిలిపితే చీమల బెడద ఉండదు.

గాలి దానంతట అదే పైకి ఎగసేంత వేడి పెట్టెలో పుడుతుంది గనుక ఫ్యాను తప్పనిసరి కాదు. గాలి స్తంభించే చోట్ల మాత్రం పై చీలిక వద్ద కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యానును అమర్చి, 10 వాట్ల సౌర పలకకు కలపవచ్చు. ఎండ పెరిగిన కొద్దీ ఫ్యాను వేగం పెరుగుతుంది. బ్యాటరీతో పని లేదు. అయితే 12 వోల్టుల పలక అని అమ్మేవి భారం తక్కువైనప్పుడు 18 నుండి 20 వోల్టుల వరకు ఇస్తాయి. కావున నడుమ ఒక వోల్టేజి రెగ్యులేటరు ఉంచకపోతే ఫ్యాను త్వరగా పాడవుతుంది. సౌర పలకతో నడిచే ఫ్యాన్లు గల పెద్ద ఆరబెట్టు యంత్రాలను హైదరాబాద్‌లోని ‘సీడ్’ సంస్థ రూపొందించింది. ఇంటి పెట్టెకూ సూత్రం అదే.

పెట్టె సామర్థ్యంపై అతిగా ఆశించరాదు. కిలో పండిన టమాటలో సుమారు 940 గ్రాములు నీరే. తేమ 10 శాతానికి తగ్గే వరకు ఆరబెడితే మిగిలేది 65, 70 గ్రాములు మాత్రమే. మంచి ఎండ రోజున చదరపు మీటరుపై సుమారు 5 యూనిట్ల సౌరశక్తి పడుతుంది. అందులో నాలుగో వంతు ఉపయోగపడినా తొలగే నీరు రెండు కిలోలకు లోపే. కాబట్టి పైన తెలిపిన పెట్టెలో ఒక విడతకు రెండు, మూడు కిలోలు వేసి రెండు రోజుల గడువు ఇవ్వడం మంచిది. జల్లెడలు కిక్కిరిసిన పెట్టె కంటే చాపయే నయం.

ముక్కల మందం 5 మిల్లీమీటర్లకు మించరాదు. గోరుచిక్కుడు, బెండ వంటి వాటిని మరిగే నీటిలో రెండు నిమిషాలు ఉంచి తీసినచో రంగు నిలుస్తుంది. మునగాకు, కరివేపాకుల విషయం వేరు: నేరుగా పడే ఎండకు వాటి రంగు, విటమిన్ ‘ఎ’గా మారే కెరోటిన్ నశిస్తాయి. అందువలన అద్దానికి, జల్లెడకు నడుమ నల్ల రంగు వేసిన రేకును అడ్డుగా ఉంచి, 45 డిగ్రీలు దాటకుండా చూడాలి. మిగిలిన కూరగాయలకు 50 నుండి 60 డిగ్రీలు అనుకూలం. ఒక సాధారణ థర్మామీటరును లోపల వేలాడదీస్తే చాలును.

సూర్యాస్తమయానికి ముందే రెండు చీలికల మూతలను వేయాలి. పగలంతా ఆరిన ముక్క రాత్రి తడిగాలిలో మళ్లీ తేమను పీల్చుకుంటుంది. మేడపై వదలివేసిన ఒరుగులు బూజు పట్టడానికి మూలం ఇక్కడే ఉంది. ఆరిన టమాట తోలువలె వంగి చేతికి అంటకుండా ఉండాలి, ఆకు నలిపితే పొడి కావాలి. చల్లారిన తరువాత గాజు సీసాలలో మూడు వంతుల వరకు నింపి, వారం రోజులపాటు రోజుకొకసారి కదపాలి. సీసా లోపలి గోడపై చెమ్మ కనిపిస్తే మరల ఎండబెట్టాలి. బూజు పట్టిన ముక్కలను ఏరివేసి మిగిలినవి వాడే అలవాటు ప్రమాదకరం. కొన్ని బూజులు, ముఖ్యంగా మిరపకాయలపై పెరిగేవి, అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. అది వండినా పోదు. రెండు రోజుల ఎండ నమ్మకంగా కనిపించనప్పుడు, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు నెలల వాయుగుండాల కాలంలో, ముక్కలు కోయకపోవడమే మేలు.

కొల్లేటి గ్రామాలలో చేపలు ఎండబెట్టే కుటుంబాలకు కూడా ఈ పెట్టె పనికివస్తుంది. ఇసుక, ఈగల బెడద లేకుండా ఉప్పు చేప శుభ్రంగా ఆరుతుంది. కాని చేపలకు వాడిన పెట్టెలో కూరగాయలు వేయరాదు, ఆ వాసన కలపను విడువదు.

తాడేపల్లిగూడెం సమీపాన వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పాటైన ఉద్యాన విశ్వవిద్యాలయం, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నందున కోత అనంతర మెలకువలపై సందేహాలు గలవారు సంప్రదించుటకు దూరం వెళ్లనక్కరలేదు. ఇంటి వాడకానికి ఆరబెట్టుకొనేవారికి ఎటువంటి అనుమతి అవసరం లేదు. ఒరుగులను పొట్లాలు కట్టి విక్రయించదలచిన స్వయం సహాయక సంఘాలు మాత్రం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ముందుగా నమోదు చేయించుకొని, పొట్లంపై తయారీ తేదీ, బరువు, నమోదు సంఖ్య ముద్రించవలసి ఉంటుంది.