640 పాటల్లోంచి 12: ఎంచడమూ ఒక స్కిల్లే!

మీ ఫోన్లో ఎన్ని ప్లేలిస్టులున్నాయి? వాటిల్లో మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒక్కటీ స్కిప్ చేయకుండా విన్నది ఏదైనా ఉందా? నా దగ్గరైతే ఒకప్పుడు ఒక్కటీ లేదు. ఇప్పుడు ఒకటుంది. అందులో 12 పాటలే. ఆ 12 పాటలు ఎంచడానికి నాకు దాదాపు నాలుగు నెలలు పట్టింది. నా మొదటి ఉద్యోగం కూడా ఒక రకంగా ఆ లిస్టు నుంచే వచ్చింది. ప్లేస్‌మెంట్ల కోసం తిరుగుతున్న మీకు పనికొస్తుందనే ఈ సంగతంతా చెబుతున్నా.

జాయినింగ్ డేట్ రాని వేసవి

2019లో బీటెక్ అయ్యింది. ఆఫర్ లెటర్ ఇచ్చిన కంపెనీ జాయినింగ్ డేట్ వాయిదా వేస్తూ పోయింది. ఇంతలో 2020 మార్చిలో లాక్‌డౌన్. తెనాలిలో మా ఇంట్లో నేనూ నాన్నా పొద్దస్తమానం ఎదురెదురుగా కూర్చోవాల్సిన పరిస్థితి. ‘ఉద్యోగం సంగతేంట్రా’ అని ఆయన అడగలేదు. అడగకపోవడమే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

నాన్నకు 90ల్లో క్యాసెట్ రికార్డింగ్ సెంటర్ ఉండేది. మీలో చాలామందికి తెలిసి ఉండదు. నచ్చిన పాటలు కాగితం మీద రాసి ఇస్తే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చే షాపు అది. ఆ పనికి చట్టం ఒప్పుకోదన్న సంగతి ఆ రోజుల్లో ఆయనకీ తెలియదు, కస్టమర్లకీ తెలియదు. తర్వాత ఎంపీ3 సీడీలు వచ్చాయి. లెక్క మీరే వేయండి. 128 కేబీపీఎస్‌లో నిమిషం పాట సుమారు 1 ఎంబీ. 700 ఎంబీ సీడీలో ఐదు నిమిషాల పాటలు 140కి పైగా పడతాయి. ఒక్క సీడీలో అన్ని పాటలొస్తుంటే, పన్నెండు పాటలు ఎంచి ఇచ్చే మనిషితో ఎవరికి పని? షాపు మూతపడింది. నాన్న ఒక పత్తి వ్యాపారి దగ్గర లెక్కలు రాసే పనికి కుదిరారు.

ఆ వేసవిలో ఊసుపోక ‘తెలుగు సినిమా పాటల్లో బెస్ట్’ పేరుతో ఓ లిస్టు తయారుచేశా. మొత్తం 640 పాటలు. గర్వంగా నాన్నకు చూపించా. కళ్లజోడు పెట్టుకుని పది నిమిషాలు చూశారు.

‘‘ఇది ఎంచడం కాదురా, పోగెయ్యడం’’ అన్నారు. ‘‘సి-60లో పట్టేట్టు చెయ్యి చూద్దాం.’’

సి-60 అంటే 60 నిమిషాల క్యాసెట్. సైడుకు 30 నిమిషాలు. మన పాటలు సగటున నాలుగైదు నిమిషాలుంటాయి కాబట్టి సైడుకు ఆరు, రెండు వైపులా కలిపి పన్నెండు.

ముందు డేటా శుభ్రం చేయాలి

ఇంజినీర్‌ని కదా, ఎక్సెల్ తెరిచా. సినిమా, ఏడాది, సంగీతం, రచన, గాయకులు, నిడివి అని కాలమ్స్ పెట్టా. అక్కడే తెలిసింది నా లిస్టు ఎంత చెత్తగా ఉందో. ఒకే ఇళయరాజా పేరు ఇంగ్లిష్‌లో నాలుగు రకాల స్పెల్లింగులతో ఉంది. ఒకే పాట సినిమా వెర్షన్, ఆల్బమ్ వెర్షన్, రీమిక్స్ అని మూడుసార్లు వచ్చింది. కొన్ని పాటలకు రచయిత పేరే లేదు. పైథాన్‌లో పాండాస్ లైబ్రరీతో డూప్లికేట్లు తీసేస్తే 640 కాస్తా 410 అయ్యాయి.

కోడ్ తేల్చలేని ప్రశ్నలూ ఉన్నాయి. 1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. వెన్నెల్లో పడవ మీద సాగే ఆ యుగళగీతం పింగళి నాగేంద్రరావు రాశారు, ఘంటసాల, పి.లీల పాడారు. సినిమాకు సంగీత దర్శకుడు ఘంటసాల. కానీ ఈ పాటతో కలిపి నాలుగు పాటలకు బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన మధ్యలో సినిమా నుంచి తప్పుకున్నాక ఘంటసాల ఆ బాణీలను రికార్డు చేయించి, మిగతా పాటలకు స్వరాలు తానే కట్టారు. మరి ‘సంగీతం’ కాలమ్‌లో ఎవరి పేరు రాయాలి? నేను రెండో కాలమ్ పెట్టా. ఒకదాంట్లో టైటిల్స్‌లో పడిన పేరు, ఇంకోదాంట్లో బాణీ కట్టినవారి పేరు. చిన్న విషయమే అనిపిస్తుంది. ఈ రెండో కాలమ్ కథ తర్వాత చెబుతా.

రూల్స్ ముందు, పాటలు తర్వాత

410 నుంచి 60కి రావడం తేలికే. 60 నుంచి 12కి రావడమే నరకం. ఏ పాట తీయబోయినా ఏదో ఒక కారణంతో ఆగిపోయేవాణ్ని. నాన్న షాపులో వాడిన పద్ధతి చెప్పారు: ‘‘పాట చూసి రూలు పెట్టకు. రూలు పెట్టుకుని పాట చూడు.’’ నాలుగు రూల్స్ రాసుకున్నాం.

ఒకటి, కళ్లు మూసుకుని వినాలి. తెరమీద హీరో, డాన్సు, సెట్టు లేకుండా కూడా పాట నిలబడాలి.

రెండు, ఒక సంగీత దర్శకుడికి ఒకే పాట. ఇది లేకపోతే నా లిస్టులో సగం ఇళయరాజానే ఉండేవారు.

మూడు, పక్క పాటలో లేనిదేదో ఈ పాటలో ఉండాలి. రెండు పాటలు ఒకే పని చేస్తుంటే ఒకటి బయటికి.

నాలుగు, అవార్డు సాక్ష్యమే, తీర్పు కాదు.

నాలుగో రూల్ దగ్గర చాలా వాదించుకున్నాం. సంగీత దర్శకత్వానికి జాతీయ అవార్డు తెచ్చిన తెలుగు సినిమాలు తక్కువేం కాదు. ‘శంకరాభరణం’కి కె.వి.మహదేవన్, ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’లకు ఇళయరాజా, ‘అన్నమయ్య’కి కీరవాణి అందుకున్నారు. పాటల రచన చూస్తే ‘అల్లూరి సీతారామరాజు’కి శ్రీశ్రీ, ‘మాతృదేవోభవ’కి వేటూరి, ‘ఠాగూర్’కి సుద్దాల అశోక్‌తేజ ఉన్నారు. వీటితోనే సగం క్యాసెట్ నిండిపోతుంది. మరి అవార్డు రాని ‘మల్లీశ్వరి’ సంగతేంటి? 1951లో దేవులపల్లి కృష్ణశాస్త్రి రచన, సాలూరి బాణీలు, భానుమతి, ఘంటసాల గొంతులు. జాతీయ సినిమా అవార్డులు మొదలైందే 1954లో. లేని అవార్డు ఎలా వస్తుంది? అందుకే అవార్డు పొందిన పాటకు మొదట వినే అవకాశం ఇచ్చాం, అంతకుమించి ఏమీ ఇవ్వలేదు.

ప్లేస్‌మెంట్ టెస్టుల్లో అడిగే న్యాప్‌సాక్ ప్రాబ్లం గుర్తొచ్చిందా? సంచి పరిమాణం 30 నిమిషాలు, ఒక్కో పాటకు నిడివి, విలువ ఉంటాయి. కోడ్ రాసి రన్ చేశా కూడా. జవాబు క్షణంలో వచ్చింది. కానీ ఆ విలువల కాలమ్ నింపింది నేనే కదా! ఒక పాటకు 8 బదులు 9 వేస్తే మొత్తం లిస్టే మారిపోయింది. అల్గారిదమ్ లెక్క చేస్తుంది. ఏది విలువైందో మాత్రం మీరే చెప్పాలి, ఎందుకని అడిగితే జవాబూ మీ దగ్గరే ఉండాలి.

వరుసలోనే ఉంది అసలు పని

పన్నెండు ఎంచాక పని అయిపోయిందనుకున్నా. ‘‘ఇప్పుడు వరుస’’ అన్నారు నాన్న. ఏ సైడు మొదటి పాట అందరికీ తెలిసింది ఉండాలి. రెండు విషాద గీతాలు పక్కపక్కన రాకూడదు. ఏ సైడు చివరి పాట విన్నాక లేచి క్యాసెట్ తిప్పాలనిపించాలి. సైడు చివర కాస్త ఖాళీ వదలాలి. ‘‘పాట మధ్యలో టేపు అయిపోతే ఆ కస్టమర్ మళ్లీ మన గడప తొక్కడు’’ అనేవారు.

ఇంకో చిక్కు సౌండ్. 50ల నాటి మోనో రికార్డింగ్ పక్కన 2020లో వచ్చిన ‘అల వైకుంఠపురములో’ పాట పెడితే చెవులు అదిరిపోతాయి. ఎఫ్‌ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత టూల్‌లో ‘లౌడ్‌నార్మ్’ అనే ఫిల్టర్ ఉంది. అన్ని పాటల శబ్ద తీవ్రతనూ ఒకే స్థాయికి తెస్తుంది. నాన్న ఆ పని చెవితో, నాబ్ తిప్పుతూ చేసేవారట. నేను కోడ్‌తో సరిచేసిన ఫైళ్లు విని ఒక పాట దగ్గర ఆగారు. ‘‘ఇది ఇంకొంచెం తగ్గించు’’ అన్నారు. తగ్గిస్తే నిజంగానే బాగుంది.

వారం ఆగమన్న రోజు

సెప్టెంబరు నాటికి లిస్టు పూర్తయింది. 25న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు వెళ్లిపోయారు. ఆయనా మనలాగే ఇంజినీరింగ్‌లో చేరినవారే. అనంతపురంలో చదువుతుండగా టైఫాయిడ్ రావడంతో ఆపేశారు. ఆ రాత్రి లిస్టంతా చెరిపేసి పన్నెండూ ఆయన పాటలే పెట్టేశా. పొద్దున్నే నాన్నకు చూపిస్తే తల అడ్డంగా ఊపారు.

‘‘ఇవాళ్టి బాధతో ఎంచకురా. వారం ఆగు.’’

ఆగా. వారం తర్వాత పాత లిస్టు తీస్తే అందులో అప్పటికే ఐదు బాలు గారివే ఉన్నాయి. మార్చాల్సిన అవసరం కనబడలేదు. అప్పుడు నాన్న మొదటిసారి తనకోసం ఒకటి అడిగారు. ఇళయరాజా కోటాలో నేను పెట్టింది ‘రుద్రవీణ’ పాట. దాని బదులు ‘సాగర సంగమం’ పాట పెట్టమన్నారు. రెండు సినిమాలకూ ఇళయరాజాకీ, బాలు గారికీ కూడా జాతీయ అవార్డులు వచ్చాయి. రూల్స్‌తో తేలే తగువు కాదిది. ఎందుకని అడిగితే నాన్న చెప్పలేదు. ఆ సినిమాలో ఎంతో విద్య ఉండీ వేదిక దక్కని బాలు కథ మీకు తెలిసే ఉంటుంది. మళ్లీ అడగలేదు, మార్చేశా.

అటక మీది పాత డబుల్ డెక్ దించాం. లోపలి రబ్బరు బెల్టు సాగిపోయింది, తిరగలేదు. చివరికి పెన్‌డ్రైవ్‌లోనే ‘ఏ సైడు’, ‘బి సైడు’ అని రెండు ఫోల్డర్లు చేశాం. నాన్న మాత్రం ఒక కాగితం మీద పన్నెండు పాటలూ, రాసినవాళ్ల పేర్లతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చారు.

ఇంటర్వ్యూలో ఏం జరిగింది?

ఆ తర్వాత నా రెజ్యూమె తీసి చూసుకున్నా. తొమ్మిది ప్రాజెక్టులు, పద్నాలుగు స్కిల్స్. అదీ పోగెయ్యడమే! ఆరు ప్రాజెక్టులు ఫ్రెండ్స్‌తో కలిసి చేసినవి, ఎవరైనా లోతుగా అడిగితే నోరు పెగలదు. వాటిని తీసేసి మూడే ఉంచా. అందులో ఒకటి ఈ పాటల లిస్టు. డేటా క్లీనింగ్, డూప్లికేట్ల గుర్తింపు, ఆడియో స్థాయి సరిచేయడం అని రాశా.

2021లో వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ. ‘మీ డేటాలో మీరు నమ్మలేకపోయిన చోటు ఏదైనా ఉందా?’ అని అడిగారు. మాయాబజార్ రెండు కాలమ్స్ కథ చెప్పా. తర్వాత, ‘పదమూడో పాట ఏది? ఎందుకు తీసేశారు?’ అన్నారు. ‘రుద్రవీణ’ గురించి చెప్పా, నాన్న అడిగారన్న సంగతితో సహా. ఆ ఉద్యోగం వచ్చింది. పాటలతో సంబంధం లేని డేటా ఎనలిస్ట్ పని అది, జీతం కూడా గొప్పగా ఏం లేదు. కానీ అంతకుముందు ఆరు ఇంటర్వ్యూల్లో తడబడ్డవాణ్ని, ఆ రోజు ప్రతి ప్రశ్నకూ నా సొంత జవాబు ఇచ్చా.

పాటల మీద ఇష్టం ఉంటే ఆ దారిలోనూ ఉద్యోగాలున్నాయి. మ్యూజిక్ కంపెనీలు, స్ట్రీమింగ్ యాప్‌లు మెటాడేటా, కేటలాగ్, ప్లేలిస్ట్ ఎడిటోరియల్, రైట్స్ విభాగాల్లో మనుషుల్ని తీసుకుంటాయి. వెతికేటప్పుడు ఈ పేర్లతో వెతకండి.

ఒక్క జాగ్రత్త

మీ లిస్టు, మీ కోడ్ గిట్‌హబ్‌లో పెట్టండి. ఆడియో ఫైళ్లు మాత్రం పెట్టకండి. ‘పాత పాటే కదా’ అనుకోవద్దు. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లు. ఆ లెక్కన 1957 నాటి రికార్డింగ్ గడువు 2017తో ముగిసింది. కానీ సాహిత్యం, బాణీల మీద హక్కు వాటిని సృష్టించినవారు చనిపోయాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. పింగళి 1971లో కన్నుమూశారు కాబట్టి ఆయన రాసిన మాటలకు 2031 చివరి దాకా రక్షణ ఉంది. ఇలాంటి తేడా తెలిసినవాళ్లకే రైట్స్ విభాగాల్లో గిరాకీ.

ఇక లిస్టు సంగతి. 2023లో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చాక ఫోన్ మీద ఫోన్, ‘నీ లిస్టులో పెట్టావా?’ అని. పెట్టాలంటే కీరవాణి కోటాలోని ‘అన్నమయ్య’ పాట తీయాలి. పైగా కళ్లు మూసుకుని వినే రూల్ ఉంది, ఆ స్టెప్పులు లేకుండా ఆ పాటను ఊహించడం నావల్ల కాలేదు. నాన్న మాత్రం కళ్లు మూసుకుని విని, కాలు ఆడిస్తూ ‘బానే ఉందిగా’ అన్నారు. అలా అని అన్నమయ్యను తీయనివ్వరు. ఆ తగువు ఇంకా తేలలేదు.

ఈ ఆదివారం మీరూ ప్రయత్నించండి. 60 నిమిషాలు, 12 పాటలు. పాటలే కానక్కర్లేదు, మీ రెజ్యూమెలోని ప్రాజెక్టులైనా సరే. ముందు రూల్స్ రాయండి, తర్వాత ఎంచండి, వారం ఆగి మళ్లీ చూడండి. చివర్లో తీసేసిన దాని పక్కన, ఎందుకు తీసేశారో ఒక్క వాక్యం రాయండి. ఇంటర్వ్యూలో ఆ వాక్యం గురించే అడుగుతారు.