గొంతు దగ్గర చిన్న ద్వారం

'గొంతుకు రంధ్రం చెయ్యాలి. ఇక్కడ సంతకం పెట్టండి...' ఐసీయూ బయట నిద్ర లేకుండా రోజుల తరబడి కూర్చున్న మనిషి చెవిన ఈ మాట పడితే ఎలా ఉంటుంది? కాళ్లలో వణుకు మొదలవుతుంది. ఊళ్లోకి ఫోన్లు వెళతాయి. 'గొంతు కోశాక మనిషి దక్కుతాడా?', 'మాట పోతుందట గదా!' అంటూ తలో మాట.

వరంగల్ ప్రాంతానికి ఈ భయం కొత్త కాదు. పత్తి, మిర్చి పండే ఈ నేలలో పురుగుమందు ఎందరి ప్రాణాల మీదికో తెచ్చింది. 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో ఇక్కడి ఎంజీఎం ఆసుపత్రిలో చేరినవారు 8,040 మంది అని 2005లో అచ్చయిన ఒక అధ్యయనం చెప్పింది. వారిలో 22.6 శాతం మంది దక్కలేదు. 2002లో చేరినవారిలోనైతే మూడింట రెండొంతులు ముప్ఫై ఏళ్లలోపు వాళ్లే.

ఆర్గానోఫాస్ఫరస్ రకం మందులతో ఓ చిక్కుంది. మొదటి గండం గడిచిందని ఇంటివాళ్లు కాస్త కుదుటపడేలోపు, రెండోరోజో మూడోరోజో రోగి తల ఎత్తలేకపోతాడు. ఊపిరి తీసే కండరాలు నీరసిస్తాయి. 1987లో శ్రీలంక వైద్యులు దీనికి 'ఇంటర్మీడియట్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. కండరాలు మళ్లీ కోలుకుంటాయి. కానీ వారం పట్టొచ్చు, మూడు వారాలూ పట్టొచ్చు. అన్నాళ్లూ వెంటిలేటరే ఆధారం.

మొదట నోట్లోంచి గొట్టం వేస్తారు. అది ఎక్కువ రోజులుంటే స్వరపేటిక ఒరుసుకుపోతుంది. కఫం తీయడమూ కష్టమే. గొట్టాన్ని ఓర్చుకోవడానికి మత్తు ఇస్తూనే ఉండాలి. అందుకే మెడ ముందుభాగంలో, స్వరపేటికకు కింద, శ్వాసనాళానికి నేరుగా దారి చేస్తారు. అదే ట్రాకియాస్టమీ. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు ఇలా దారి చేసే ఎందరినో బతికించారు. అప్పట్లో చాలినన్ని యంత్రాలు లేవు. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రబ్బరు సంచులను చేత్తో నొక్కుతూ రోగులకు ఊపిరి పోశారు!

ఆ దారి చేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి పాతది, సర్జరీ. 1909లో అమెరికా వైద్యుడు షెవాలియర్ జాక్సన్ దీన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. చర్మం కోసి, కండరాలను పక్కకు జరిపి, థైరాయిడ్ గ్రంథిని తప్పించి, శ్వాసనాళాన్ని కళ్లారా చూస్తూ గొట్టం పెడతారు. సాధారణంగా ఈఎన్‌టీ సర్జన్ల పని ఇది. రెండోది పెర్‌క్యుటేనియస్. 1985లో పాస్క్వాల్ సియాగ్లియా ప్రకటించిన పద్ధతి. సూదితో శ్వాసనాళంలోకి వెళ్లి, సన్నటి తీగ దించి, దాని మీదుగా రంధ్రాన్ని సాగదీసి గొట్టం పెడతారు. లోపల ఏం జరుగుతోందో బ్రాంకోస్కోప్‌తో చూసుకోవచ్చు. ఐసీయూ మంచం మీదే అయిపోతుంది. వెంటిలేటర్ మీదున్న మనిషిని ఆపరేషన్ థియేటర్ దాకా తరలించడమంటే అదో గండం. ఆ బాధ తప్పుతుంది. కిట్ ఖర్చు మాత్రం అదనం.

మరి ఏది మంచిది? 20 పరిశోధనలను, 1,652 మంది రోగుల వివరాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2016లో వచ్చింది. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. గాయం దగ్గర ఇన్ఫెక్షన్, వికారమైన మచ్చ... ఈ రెండూ సూది పద్ధతిలో తక్కువ.

అలాగని అందరికీ అదే పనికిరాదు. చిన్నపిల్లలకు సర్జరీయే. పొట్టి, లావు మెడలో శ్వాసనాళం చేతికి అందకపోయినా, థైరాయిడ్ గడ్డ ఉన్నా, మెడకు ఇదివరకే ఆపరేషన్ జరిగినా, రక్తం సరిగా గడ్డకట్టకపోయినా వైద్యులు చాలావరకు సర్జరీ వైపే మొగ్గుతారు. ఇంకో సంగతి. సూదితో సాగదీసిన దారి మొదటి వారంలో చాలా త్వరగా మూసుకుపోతుంది. అప్పుడు గొట్టం ఊడితే మళ్లీ అదే దారిలో పెట్టడం కష్టం. రోగిని పక్కకు తిప్పేటప్పుడు గొట్టం మీద ఓ కన్నుండాలి.

నన్నడిగితే 'ఏ పద్ధతి గొప్పది' అనే కన్నా 'ఈ మెడకు ఏది సరిపోతుంది, మీ చేతికి ఏది అలవాటు' అని అడగడం మేలు. 'ఇప్పుడే చెయ్యాలా?' అనీ అడగొచ్చు, తప్పులేదు. బ్రిటన్‌లో జరిగిన ట్రాక్‌మ్యాన్ అధ్యయనం 2013లో వెలువడింది. నాలుగు రోజుల్లోపే చేసినా, పది రోజులు ఆగినా ప్రాణాలు దక్కడంలో తేడా లేదని అందులో తేలింది. ఆగిన వర్గంలో సగానికి పైగా రోగులకు చివరికి ఆ అవసరమే రాలేదు! కండరాలు వారంలోనే కోలుకునేలా ఉంటే వైద్యులే ఆగుతారు.

ఇక మాట సంగతి. గాలి స్వరతంత్రుల దాకా వెళ్లకపోవడం వల్ల గొంతు పలకదు, అంతే. అప్పటిదాకా పలకా బలపమో, కాగితమో చేతికివ్వండి. వెంటిలేటర్ తీశాక, గొట్టం చుట్టూ ఉన్న బుడగలో గాలి పూర్తిగా తీసేసి, దానికి ప్రత్యేకమైన వాల్వ్ అమర్చితే చాలామంది మాట్లాడగలుగుతారు. మందు తాగి వచ్చిన కుర్రాడైతే ఆ మాటలు ఇంటివాళ్లు ఓపిగ్గా వినాలి. ఎందుకు తాగావని నిలదీసే సమయం కాదది. మనసు విప్పి మాట్లాడేందుకు టెలీ మానస్ 14416 నంబరు ఉచితంగా, రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

కండరాలు బలం పుంజుకుని, దగ్గి కఫం బయటికి తేగలిగితే గొట్టం తీసేస్తారు. పైన గాజుగుడ్డ వేసి అంటిస్తారు. దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు అక్కడ వేలితో అదిమి పట్టుకోమంటారు. చాలామందికి కుట్లు కూడా అక్కర్లేదు. కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల్లో ఆ రంధ్రం తనంతట తానే పూడుకుపోతుంది.