కిరాయి గదిలో పొయ్యి

"వంటకు గ్యాస్ అగ్గువనా, కరెంటు అగ్గువనా?" హైదరాబాద్ బాలానగర్‌లో ఈ మాట అడిగితే ముందు తేలాల్సింది మీటర్ ఎవరి పేరు మీద ఉందన్నది. నర్సాపూర్ చౌరస్తా దగ్గర ఫ్లైఓవర్ దాటి గల్లీల్లోకి తిరిగితే ఎందుకో తెలుస్తుంది. కింద లేత్ మిషన్లు, పైన వరసగా కిరాయి గదులు. గది మూలన గట్టు మీద అయిదు కిలోల చిన్న గ్యాస్ బండ, పక్కనే ఇండక్షన్ స్టవ్. రెండు పొయ్యిలున్నాయంటే కలిగినవాళ్లనుకునేరు. ఒకదాని మీద నమ్మకం లేక రెండోది కొనుక్కున్నారు, అంతే.

ఈ కిరాయి బతుకు ఇవాళ్టిది కాదు. 1960ల్లో విమానాల సంస్థ హెచ్‌ఏఎల్, సోవియట్ సాయంతో మందుల సంస్థ ఐడీపీఎల్ ఇటువైపు వచ్చాయి. వాటి చుట్టూ చిన్న వర్క్‌షాపులు పుట్టగొడుగుల్లా లేచాయి. పెద్ద ఫ్యాక్టరీల వాళ్లకు క్వార్టర్లు దొరికాయి, వర్క్‌షాపుల వాళ్లకు గదులు దొరికాయి. పాలమూరు, మెదక్ వాళ్లుండే చోటికి తర్వాత ఒడిశా, బిహార్ పిల్లలు చేరారు. అప్పట్లో పంపు స్టవ్‌లో గ్యాసునూనె పోసి వండుకునేవాళ్లు. తెలంగాణలో కిరోసిన్ పేరు అది. అసలు గ్యాస్ ఇంకా గడప తొక్కకముందే పేరు మాత్రం వంటింట్లో చేరిపోయిందన్నమాట. రేషన్ కిరోసిన్ పోయింది, వాసన పోయింది. పొయ్యి చిక్కు పోలేదు.

లెక్కలోకి వద్దాం. 14.2 కిలోల బండలో ఉండే వేడిని కరెంటు భాషలో చెబితే దాదాపు 180 యూనిట్లు. మంట చుట్టూ గాలికి పోయేది పోగా గిన్నెకు అందేది మూడింట రెండొంతులు, అంటే 120. ఇండక్షన్‌లో వృథా తక్కువ. అదే వంటకు 140 యూనిట్లు సరిపోతాయి. 2025 ఏప్రిల్‌లో కేంద్రం 50 రూపాయలు పెంచాక హైదరాబాద్‌లో బండ ధర 905 అయింది. దాన్ని 140తో భాగిస్తే ఆరున్నర. యూనిట్ కరెంటు అంతకన్నా తక్కువకు దొరికితే ఇండక్షన్ అగ్గువ, ఎక్కువైతే పిరం. ఇక్కడితో ఆగితే ఇది అయిదో తరగతి లెక్క.

ఆగదు. 2022 నాటి టారిఫ్ ప్రకారం నెలకు వంద దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వంద 3 రూపాయల 40 పైసలు, రెండో వంద 4 రూపాయల 80 పైసలు. మొత్తం 820. ఒక్క యూనిట్ దాటి 201 అయితే శ్లాబే మారిపోతుంది. మొదటి 200కూ 5 రూపాయల 10 పైసల చొప్పున పడి, ఆ మిగిలిన ఒక్కదానికి 7 రూపాయల 70 పైసలు కలుస్తుంది. బిల్లు 1,027 దాటుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! నిమిషానికోసారి మీటర్ వైపు చూసే గృహిణిని పిసినారి అనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2024 ఫిబ్రవరి 27న రాష్ట్రంలో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి, 500 రూపాయల బండ పథకం ఒకేసారి మొదలయ్యాయి. 200 లోపు వాడితే జీరో బిల్లు. మంచిదే, ఎన్నో ఇళ్లకు ఊరట. కానీ ఇప్పుడు గీత దాటితే పోయేది 207 కాదు, వెయ్యి పైచిలుకు. నలుగురున్న ఇంట్లో బండ నెలన్నర వస్తుందనుకుందాం. ఆ వంటంతా ఇండక్షన్ మీదికి మారిస్తే నెలకు 90 యూనిట్లకు పైనే. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీలకు ఇప్పటికే 110 అవుతున్న ఇల్లు 200 దాటుతుంది. బండ ఖర్చు మిగుల్చుకుందామని వెళ్లి వెయ్యి కట్టి వస్తారు. అదే నెలకు 80 మాత్రమే వాడే ఇంటికైతే ఇండక్షన్ వంట ఉచితం. పక్కపక్క గుమ్మాలకే జవాబు ఇలా తారుమారవుతుంది.

ఇదంతా సొంత మీటర్, రేషన్ కార్డు ఉన్నవాళ్ల గొడవ. ఆ రెండూ లేనివాళ్ల మాటేమిటి? ఒకే కనెక్షన్ మీద ఆరు గదులుంటే యూనిట్లన్నీ కలిసి పై శ్లాబుకు ఎక్కుతాయి. సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కు పది రూపాయలు పట్టే ఓనర్‌ను అడిగితే పై శ్లాబులు తొమ్మిది, తొమ్మిదిన్నర అంటాడు. అబద్ధమేమీ కాదు. ఆ ధరకు 140 యూనిట్లంటే 1,400. పోనీ బండ తీసుకుందామంటే, 500 రూపాయల పథకం రేషన్ కార్డున్న ఇంటికే. అందులోనూ ముందు పూర్తి ధర కట్టాలి, సబ్సిడీ తర్వాత ఖాతాలో పడుతుంది. కార్డు లేని కుర్రాడు చిన్న బండను కిలోల లెక్కన దొంగచాటుగా నింపించుకుంటాడు. కిలో వందే అనుకున్నా 14.2 కిలోలకు 1,420. పథకం అందిన ఇంటికి కిలో 35 రూపాయలు పడుతున్న గ్యాసే ఇది. పైగా గొట్టం పట్టుకుని ఒక బండలోంచి ఇంకో బండలోకి వంపే పని ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

మరి పైపు గ్యాస్? గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ నగరంలో ఆ పని చేస్తోంది. శామీర్‌పేటలో స్టేషన్ ఉంది. ఘనపు మీటర్ల లెక్కన చూస్తే బండకు సమానం సుమారు 18. అంటే ఘనపు మీటర్ ధర 50 రూపాయలకు దిగువన ఉంటేనే 905 రూపాయల బండ కన్నా లాభం. 500 రూపాయల బండతో పోలిస్తే 28 దాటకూడదు. ఆ రాయితీ ఉన్న ఇల్లు పైపుకేసి ఎందుకు చూస్తుంది? కిరాయి గదికి గోడ తొలిచి మీటర్ బిగించాలంటే మళ్లీ ఓనర్ ఒప్పుకోవాలి. 2009లో కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ బయటికి వచ్చినప్పుడు కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా వేసిన గొట్టం తెలంగాణ నేల మీదుగానే వెళ్లింది. మన గ్యాస్ మన వంటింటికి రాలేదేమని అప్పట్లో సభల్లో ఎంత అరిచారో! ఆ అరుపుల్లో ఓనర్ సంతకం మాట ఎవరికీ తట్టలేదు.

గదికో మీటర్ పెట్టిస్తే సగం చిక్కు తీరుతుంది. కరెంటోళ్లు పెట్టరని కాదు. ఓనర్‌కు ఖర్చు, కాగితం పని, పైగా కిరాయిదారు పేరు మీద ఏ రుజువు మిగిలినా రేపు ఖాళీ చేయడేమోనన్న గుబులు. కిరాయిదారుకేమో రెండేళ్లలో ఇంకో గల్లీకి మారే గదికి ఇంత తాపత్రయం దేనికన్న లెక్క.

అందుకే నెల మొదట్లో ఓనర్ మెట్లెక్కి వస్తాడు. సబ్‌మీటర్ అంకె చూసి తలుపు పక్క సున్నం గోడ మీద పెన్సిల్‌తో రాస్తాడు. ఆ గోడ మీద అంతకుముందున్నవాళ్ల అంకెలు కూడా ఇంకా కనిపిస్తుంటాయి.