చదరంగంలో వేగమూ, వివేకమూ

చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గోధుమగింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు చొప్పున అరవైనాలుగు గళ్ళూ నింపి ఇమ్మని సిస్సా అనే పండితుడు రాజును కోరిన కథను పదమూడవ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ గ్రంథస్థం చేశాడు. ఇంతేనా అనుకున్న రాజుకు రాజ్యంలోని ధాన్యమంతా చాలలేదు. ఆ రాజు చిక్కే కంప్యూటర్‌కూ పట్టుకున్నది.

యంత్రపు వేగాన్ని రెట్టింపు చేస్తే దాని ఆట కూడా రెట్టింపు బలపడుతుందా అని ఒక విద్యార్థి నన్నడిగాడు. ఛందస్సు చెప్పుకునే నాకు గణాలు లెక్కించడమే తెలుసు. అయినా ప్రశ్న నన్ను వదలలేదు.

ఆట మధ్యలో ఒక స్థితి నుండి సగటున సుమారు 35 ఎత్తులు సాధ్యమవుతాయి. ఇరుపక్షాలవీ కలిపి నాలుగు ఎత్తులు ముందుకు చూడాలంటే 15 లక్షల స్థితులను పరిశీలించాలి. నిష్ప్రయోజనమైన శాఖలను నరికివేసే ఉపాయం ఉన్నది. అది చక్కగా పనిచేసినప్పుడు 35 స్థానంలో సుమారు ఆరు మిగులుతాయి. అనగా ఒక్క ఎత్తు అదనంగా చూడడానికి వేగం ఆరు రెట్లు కావాలి. వేగం రెట్టింపైతే లభించేది అర ఎత్తు కూడా కాదు!

ఆ ఒక్క ఎత్తు విలువ ఎంత? బెల్ లేబొరేటరీస్‌కు చెందిన కెన్ థాంప్సన్ 1980ల తొలినాళ్ళలో తమ ‘బెల్’ యంత్రాన్ని వేర్వేరు లోతులలో దానితోనే ఆడించి చూశాడు. ఒక్క ఎత్తు అదనపు చూపు సుమారు 200 రేటింగ్ పాయింట్ల బలాన్నిచ్చింది. అంత ఆధిక్యం గలవాడు నూటికి 76 వంతుల ఫలితాన్ని ఆశించవచ్చు. లోతు పెరిగిన కొద్దీ ఈ లాభం సన్నగిల్లుతుంది.

అయితే మనిషి యంత్రం వలె ఓడిపోడు. 1978లో టొరంటోలో డేవిడ్ లెవీ ‘చెస్ 4.7’తో తలపడి, లెక్కకు అందని మందకొడి స్థితులను కావాలనే కల్పించి, పదేళ్ళనాటి పందెం గెలిచాడు. ఏమి చేయాలో తోచని చోట వేగం ఎందుకు?

1996లో ఫిలడెల్ఫియాలో కాస్పరోవ్ 4-2తో డీప్ బ్లూను ఓడించాడు. మరుసటి సంవత్సరం న్యూయార్కులో సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులు చూడగల డీప్ బ్లూ 3½-2½తో గెలిచింది. చివరి ఆట 19 ఎత్తులకే ముగిసింది. వేగం ఏడాదిలో రెట్టింపయిన మాట నిజమే. కాని గ్రాండ్‌మాస్టర్ల సాయంతో స్థితిని అంచనా వేసే జ్ఞానాన్ని కూడా దానికి కొత్తగా నేర్పారు. విజయాన్ని వేగానికే కట్టబెట్టడం నాకు న్యాయమనిపించదు.

నా సందేహానికి 2009లో బ్యూనస్ ఎయిరీస్ బలమిచ్చింది. సెకనుకు 20,000 స్థితులైనా చూడని ‘పాకెట్ ఫ్రిట్జ్ 4’ ఒక మొబైల్ ఫోన్‌లో కూర్చుని, పది ఆటల పోటీలో 9½ పాయింట్లు గెలిచింది. డీప్ బ్లూ వేగంలో అది పదివేలవ వంతు. 2017లో ఆల్ఫాజీరో సెకనుకు 80,000 స్థితులు చూస్తూనే, 7 కోట్లు చూసే స్టాక్‌ఫిష్‌ను ఓడించింది. ఆ ఆటలు నియమించిన పద్ధతిపై వివాదం లేకపోలేదు.

ఆ విద్యార్థికి ఈ లెక్కంతా చెప్పాను. అతడు కాసేపు ఆలోచించి, “అయితే సార్, గింజలు ఎన్ని అన్నది కాదు, ఏ గింజ విత్తాలో తెలియడం అన్నమాట” అన్నాడు. మరునాడు పలక తెచ్చి నాతో ఆడి, ఇరవై ఎత్తులలో నాకు ఆటకట్టించాడు.