ఆటప్రియుని అలవోక మాటలు

తెలుగులో ‘ఆట’ అన్న చిన్నమాటకు ఉన్నంత విశాలమయిన పరిధి మరొక మాటకు అరుదు. పిల్లవాడు గోలీలు ఆడితే ఆట. నర్తకి గజ్జె కట్టి ఆడితే ఆట. నటుడు వేషం కట్టి రంగస్థలం ఎక్కితే ఆట. సినిమాహాలులో మొదటి ఆట, రెండవ ఆట. వేమన తన పద్యాలకు ఎన్నుకొన్న ఛందస్సు పేరు ఆటవెలది. చదరంగంలో రాజు కదలలేక చిక్కుకొంటే ఆట కట్టు. చివరకు మనుషులు నోరు విప్పి మాటలు కలపడాన్ని కూడా మనవారు ‘మాటలాడడం’ అన్నారే కాని మరొకటి అనలేదు. ఇన్నింటికీ ఒకే ధాతువును వాడుకొన్న జాతి ఆటను చులకన చేయడం భావ్యం కాదు.

ఈ ఆటల కుటుంబంలో కడగొట్టు బిడ్డ కంప్యూటర్ తెర మీది ఆట. దాని మీద మనసు పడ్డవాడు ఇంటర్మీడియెట్ చదివే కుర్రవాడు కావచ్చు. ఉద్యోగంలో కుదురుకొన్న ముప్పది ఏండ్ల యువకుడూ కావచ్చు. నలుగురు కూర్చున్న చోట అతడు అలవోకగా అనే మాటలు మూడున్నవి. కంప్యూటర్ ఇంతటిది అయింది తన ఆటల వల్లనే అని మొదటిది. తాను ఆడేదీ క్రీడయే అని రెండవది. ఆటలో సగం సంగీతమే అని మూడవది. అతడు వీనికి ఋజువు చూపడు. పెద్దలు ఈ మాటలను అంత అలవోకగానూ కొట్టిపారవేస్తారు. వారూ ఋజువు చూపరు. బడిలో అయినా, ఇంటిలో అయినా గురుశిష్యుల మధ్య, తండ్రికొడుకుల మధ్య ఒక తలుపు మూసుకొనేది ఇక్కడనే. కనుక ఆ మూడు మాటలలో నిలిచేదెంత, రాలేదెంత అని విచారించడం అవసరం.

మొదటి మాట కంప్యూటర్‌ను గురించినది. కంప్యూటర్ ఆట కోసం పుట్టలేదన్నది నిశ్చయం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో తలపెట్టిన ఎనియాక్ యంత్రం ఫిరంగిగుండ్ల గమనాన్ని గణించే పట్టికల కోసం ఉద్దేశించినది. అయితే, గుండు గమనాన్ని లెక్కించగల యంత్రం బంతి గమనాన్ని లెక్కించలేదా? 1958 అక్టోబరులో న్యూయార్క్ సమీపాన లాంగ్ ఐలండ్‌లోని బ్రూక్‌హేవన్ ప్రయోగశాలకు సందర్శకులు రానున్న తరుణంలో, విలియం హిగిన్‌బోథం అనే భౌతికశాస్త్రవేత్తకు ఈ ఆలోచనే వచ్చింది. అంతకు పూర్వం అణుబాంబు నిర్మాణ పథకంలో పనిచేసి, ఆ తరువాత అణ్వాయుధాల వ్యాప్తిని అరికట్టడానికి పాటుపడిన వ్యక్తి ఆయన. ఒక చిన్న గణనయంత్రాన్ని ఆసిలోస్కోపుకు తగిలించి, గుండ్రని తెర మీద ఒక గీతను నేలగా, మరొక గీతను వలగా నిలిపి, వెలుగుచుక్కను బంతిగా ఎగురవేశాడు. చూడవచ్చినవారు ఆ టెన్నిస్ ఆడడానికి బారులు తీరారు. శాస్త్రం అంటే ఏమిటో వివరించే పటాలు ఎన్ని ఉన్నా, వారిని నిలబెట్టినది ఆ చుక్క.

ఇక మన కాలానికి వస్తే ఆటప్రియుని మాటకు బలం మరింత పెరుగుతుంది. నేటి సాధారణమయిన తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080, వెరసి 20 లక్షలకు పైగా చుక్కలుంటాయి. ఆట తడబడకుండా సాగాలంటే సెకనుకు 60 మారులు వాటి రంగులన్నీ తేలాలి. అంటే సెకనుకు 12 కోట్లకు మించిన లెక్కలు. కంప్యూటర్‌లోని ప్రధానమయిన ప్రాసెసర్ ఒక మహాపండితుని వంటిది. ఎంత చిక్కు లెక్కనయినా విప్పుతుంది గాని, ఇంచుమించు ఒకదాని తరువాత ఒకటిగా విప్పుతుంది. చుక్కల రంగులు తేల్చడానికి పండితుడు అక్కరలేదు. ఒకే ఎక్కాన్ని ఒకేసారి అప్పజెప్పగల వందలాది పిల్లలున్న తరగతి కావాలి. అటువంటి తరగతివలె పనిచేసేదే గ్రాఫిక్స్ చిప్పు. మెరుగయిన బొమ్మ కోసం ఆటప్రియులు ఏటేటా డబ్బు పోసి కొన్నందువల్ల అది శీఘ్రంగా బలపడింది.

2012లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కెవర్, జెఫ్రీ హింటన్ అనే ముగ్గురు బొమ్మలను చూచి అందులోని వస్తువును గుర్తించే విద్యను కంప్యూటర్‌కు నేర్పదలచారు. చూపవలసిన బొమ్మలు 12 లక్షలు. వారు వాడినవి ఎన్విడియా సంస్థ ఆటప్రియుల కోసం చేసి అమ్మిన రెండు గ్రాఫిక్స్ కార్డులు. అయిదారు రోజులలో శిక్షణ ముగిసింది. పోటీలో ఆ పద్ధతి తక్కిన అన్నిటినీ చాలా వెనుకకు నెట్టింది. ఈనాడు కృత్రిమ మేధ అని లోకం చెప్పుకొంటున్న దానికి అది ఒక పెద్ద మలుపు. హింటన్‌కు 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం పంచి ఇచ్చారు. కనుక ‘నా ఆటల వల్లనే’ అన్నది అతిశయోక్తి. ‘నా ఆటల వల్ల కూడా’ అంటే అది చరిత్ర.

రెండవ మాట క్రీడను గురించినది. వేలు కదిపితే క్రీడ అవుతుందా, ఒంటికి చెమట పట్టవద్దా అని పెద్దల ఆక్షేపణ. ఈ ఆక్షేపణ చదరంగం ముందు నిలువదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2006లో దోహాలో జరిగిన ఆసియా క్రీడలలో చదరంగంలో స్వర్ణపతకం గెలిచినప్పుడు తెలుగునాట అందరూ గర్వించినవారే. 2019లోనూ, తిరిగి 2024లోనూ ఆమె మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగ విజేత అయినప్పుడు ఆమెకు చెమట పట్టినదా అని ఎవరూ అడుగలేదు. గంటల తరబడి చెదరని ఏకాగ్రత, ఓటమిని దిగమింగుకొని మరునాడు మళ్లీ బల్ల ముందు కూర్చునే నిబ్బరం, ఇవి చాలునని అందరూ ఒప్పుకొన్నారు.

తెర మీది ఆటలకూ ఈ మన్నన లభించింది. 2018లో జకార్తా, పాలెంబాంగ్‌లలో జరిగిన ఆసియా క్రీడలలో వాటిని ప్రదర్శనగా మాత్రం ఉంచారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన క్రీడలలో 7 అంశాలకు పతకాలే ఇచ్చారు. అందులో ‘స్ట్రీట్ ఫైటర్’ అనే ద్వంద్వయుద్ధపు ఆటలో స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూ వయస్సు అప్పటికి 44 ఏండ్లు. ఇది కేవలం పసివారి వ్యాపకమనేవారు గమనించవలసిన విషయం. మన ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో ఈ-క్రీడలను క్రీడాశాఖ పరిధిలోకి తెచ్చింది.

అయినా ఆటప్రియుడు ఆలోచించవలసిన భేదం ఒకటున్నది. కబడ్డీకి యజమాని లేడు. చదరంగపు బల్ల గీసుకొని ఎవరయినా ఆడవచ్చు. వందల ఏండ్లనాటి ఎత్తును నేడు వేసినా ఎవరికీ సుంకం చెల్లించనక్కరలేదు. తెర మీది ఆటకు యజమాని ఉంటాడు. నియమాలను అతడు రాత్రికి రాత్రి మార్చవచ్చు; ఆటనే ఆపివేయవచ్చు. పది సంవత్సరాలు చెమటోడ్చి సాధించిన నేర్పు ఒక సంస్థ నిర్ణయంతో నిరుపయోగం కావచ్చు. బాట్‌మింటన్ క్రీడాకారులకు ఈ భయం లేదు. కనుక ‘ఇదీ క్రీడయే’ అన్న మాట నిలుస్తుంది. ‘అన్ని క్రీడల వంటిదే’ అన్నది నిలువదు.

మూడవది సంగీతం. ఆటప్రియుని మాటలలో పెద్దలు బొత్తిగా నవ్వి ఊరుకొనేది ఇదే. నిజానికి ఎక్కువ నిలిచేదీ ఇదే. 1985లో జపానులో నింటెండో సంస్థ వెలువరించిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆటకు బాణీలు కట్టినవాడు కోజి కొందో. ఆయన చేతిలోని యంత్రం పలికించగల ధ్వనిమార్గాలు అయిదే. వానిలో స్వరాలకు అనువయినవి మూడు. ఒకటి చప్పుడుకు, మరొకటి ముందే నమోదు చేసిన ధ్వనులకు. ఆటలో బొమ్మ గెంతినా, నాణెం దొరికినా ఆ చప్పుడూ ఈ మార్గాలనే పంచుకోవాలి. ఇంత ఇరుకులో కట్టిన బాణీ లోకమంతటా పిల్లల నోట నిలిచింది. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో దానికి చోటిచ్చింది. ఆ పట్టికలోకి ఎక్కిన ఆటసంగీతంలో అదే మొదటిది. 2005లో ‘సివిలిజేషన్’ ఆట నాలుగవ భాగానికి క్రిస్టఫర్ టిన్ స్వాహిలీ భాషలో కట్టిన ‘బాబా యేతు’ అనే ప్రార్థనాగీతానికి 2011లో గ్రామీ బహుమానం వచ్చింది.

కందం రాసినవాడే కవి అని మనలో ఒక లోకోక్తి ఉన్నది. కందపద్యం చిన్నది, నియమాలు కఠినమయినవి. ఏ గణం ఎక్కడ ఉండాలి, ఏది ఎక్కడ ఉండరాదు, యతి ఎక్కడ, ప్రాస ఎక్కడ అన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి. ఆ ఇరుకులో తడబడకుండా నడవగలిగినవానికే కవి అన్న పేరు దక్కుతుందని పెద్దల తాత్పర్యం. మూడు స్వరమార్గాలలో బాణీ కట్టిన కొందో పనిని తెలుగు విద్యార్థికి చెప్పదలచిన ఉపాధ్యాయుడు కందపద్యంతో మొదలుపెట్టవచ్చు. కందపద్యాన్ని చెప్పదలచినవాడు మారియో బాణీతోనూ మొదలుపెట్టవచ్చు.

ఈ మూడు మాటలూ ఒకచోట కలిసే ఆట ఒకటున్నది. 1978లో జపానులో టొమొహిరో నిషికాడో సృష్టించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో 55 మంది శత్రువులు అయిదు వరుసలుగా ఆకాశం నుండి దిగివస్తారు. ఆనాటి ప్రాసెసర్ మందకొడిది. ఇందరినీ కదపడం దానికి బరువు. కాల్చిన కొద్దీ శత్రువులు తగ్గుతారు, బరువు తగ్గుతుంది, మిగిలినవారి నడక వేగం పుంజుకొంటుంది. ఎవరూ కోరి పెట్టని ఈ గుణాన్ని నిషికాడో లోపమని దిద్దలేదు. ఆటకు అది ప్రాణమని గుర్తించి ఉంచుకొన్నాడు. నేపథ్యంలో మందరంలో దిగే నాలుగు స్వరాలు, అంతే. శత్రువు వేగంతో ఆ స్వరాలూ వేగిరపడతాయి, వానితో ఆడేవాని గుండె వేగిరపడుతుంది. చివరి శత్రువు ఎందుకు అంత వేగంగా వచ్చాడని అడిగిన విద్యార్థి అక్కడనే కంప్యూటర్ శాస్త్రంలో అడుగు పెట్టినట్లు. ఆ నాలుగు స్వరాలకు తన గుండె ఎందుకు అదిరిందని అడిగినవాడు లయ అంటే ఏమిటో తెలుసుకోబోతున్నట్లు.

అడుగనివాని సంగతి ఏమిటి? అక్కడనే ప్రమాదం. ఆట మీద అదుపు తప్పి, చదువు, నిద్ర, తిండి దానికి బలి అయ్యే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగా పరిగణించింది. 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన రోగాల పట్టికలో దానిని చేర్చింది. ఇక పణమొడ్డి ఆడేది ఆట కాదు, జూదం. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ దానిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఈ-క్రీడలను ఒకవైపు ఉంచి, పణమొడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ మరొకవైపు వేరుచేసింది. ఈ భేదాన్ని చట్టం కన్న ముందు చెప్పవలసినది ఇల్లు, బడి. కాని, అన్ని ఆటలనూ ఒకే గాటన కట్టి తిట్టే పెద్దలు ఈ భేదం చెప్పినా పిల్లవాడు చెవిని పెట్టడు. అతని మూడు మాటలలోని నిజాన్ని ఒప్పుకొన్నవారి హెచ్చరికకే అతని దగ్గర విలువ.

నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగంలో నలుని కథ ఉన్నది. జూదంలో రాజ్యాన్ని పోగొట్టుకొని, కట్టుబట్టతో అడవుల పాలయిన ధర్మరాజుకు బృహదశ్వుడు చెప్పిన కథ అది. నలుడు పాచికల మర్మం తెలియకుండా ఆడి సర్వమూ కోల్పోయాడు. తరువాత ఋతుపర్ణునికి సారథిగా కుదిరి, అతని వద్ద అక్షహృదయమనే విద్యను నేర్చాడు. చెట్టును చూచినంతనే దాని కాయలను, ఆకులను లెక్కించి చెప్పగల గణనశక్తి ఆ విద్యలోనిది. ఆ విద్య వచ్చిన క్షణాన నలుని పట్టి పీడించిన కలి అతని శరీరాన్ని విడిచిపోయాడు.

నలుని కలి విడిచినది ఆట మానినందువల్ల కాదు, ఆట మర్మం తెలిసినందువల్ల. తెర ముందు కూర్చున్న కుర్రవానికి కావలసినదీ అదే. అతని అలవోక మాటలకు సగం పాఠం అతనికి ముందే తెలిసి ఉన్నది. తెలుసునన్న సంగతే అతనికి తెలియదు. ఉపాధ్యాయుడు అతని ప్రక్కన ఒక పదినిమిషాలు కూర్చుని, ‘ఇది ఎందుకు ఇలా జరిగింది?’ అని ఒక్క ప్రశ్న వేస్తే తక్కిన సగం పాఠం మొదలవుతుంది.