పేగుల వ్యాధి, మనసు మీది బరువు

పెద్దపేగులో పుండ్లు పడి రక్తవిరేచనాలు కలిగించే అల్సరేటివ్ కొలైటిస్, జీర్ణమార్గంలో ఎక్కడైనా వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి - ఈ రెంటినీ కలిపి మన పత్రికలు పేగుపూత అని వ్రాస్తున్నాయి. ఇవి ఏళ్ల తరబడి వెంట ఉండే వ్యాధులు. కొన్ని నెలలు అణగి ఉండి, మళ్లీ విజృంభిస్తాయి. చాలామందికి ఇవి యుక్తవయసులోనే, చదువు, ఉద్యోగం, నికాహ్ వంటి విషయాలు తేలవలసిన కాలంలోనే బయటపడతాయి. వీటికి మాత్రలున్నాయి, ఇంజెక్షన్లున్నాయి, అవసరమైతే శస్త్రచికిత్స ఉంది. కాని ఈ రోగుల మనసుకు జరగవలసిన చికిత్స గురించి మన ఇళ్లలో మాట బహు తక్కువ. ఆ విషయాన్నే ఇక్కడ ప్రస్తావించదలిచాము.

ఈ వ్యాధి మనిషి బతుకును ఎంతగా కుదిస్తుందో పక్కనున్న వారికి వెంటనే తెలియదు. కర్నూలు నుంచి హైదరాబాదుకు బస్సెక్కవలసిన వ్యక్తి ముందురోజు మధ్యాహ్నం నుంచే తిండి మానేస్తాడు. ఎక్కడికి వెళ్లినా అతని మొదటి ఆలోచన మరుగుదొడ్డి ఎక్కడుందన్నదే. మస్జిదులో చివరి వరుసలో, తలుపు పక్కన నిలబడతాడు. కొన్నాళ్లకు రావడమే తగ్గిస్తాడు. వలీమా విందుకు పిలుపు వస్తే ఏదో ఒక సాకు చెబుతాడు. ఎనిమిది మంది ఉండే ఇంట్లో ఒకే మరుగుదొడ్డి ఉంటే కొత్తకోడలు పడే యాతన ఇంకా వేరు. ఆమె తన జబ్బు పేరే నోరు విప్పి చెప్పలేదు.

ఇలా బతికేవారికి నిద్ర పట్టకపోవడంలో, దేని మీదా ఆసక్తి లేకపోవడంలో, గుండెదడ రావడంలో ఆశ్చర్యమేముంది? 2021లో వెలువడిన ఒక సమీక్ష ముప్పై వేలకు పైగా పేగుపూత రోగుల వివరాలను కలిపి చూసింది. సుమారు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఆందోళన లక్షణాలు, ప్రతి నలుగురిలో ఒకరికి కుంగుబాటు లక్షణాలు ఉన్నట్లు తేలింది. వ్యాధి విజృంభించి ఉన్న దశలో ఆందోళన సగానికి పైగా మందిలో కనిపించింది.

ఈ సంబంధాన్ని వైద్యులు ఒకప్పుడు తలక్రిందులుగా అర్థం చేసుకున్నారు. గత శతాబ్దం మధ్యకాలంలో ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మనోవిశ్లేషకుడు అల్సరేటివ్ కొలైటిస్‌ను మనసు నుంచి పుట్టే ఏడు జబ్బుల జాబితాలో చేర్చాడు. అంటే పేగులో పుండుకు కారణం రోగి స్వభావమే అన్నమాట! రోగనిరోధక వ్యవస్థ దారితప్పి పేగుల మీద దాడి చేయడం వల్ల ఈ వాపు వస్తుందని, అందులో వంశపారంపర్యానికీ పేగులోని సూక్ష్మజీవులకూ పాత్ర ఉందని తరువాత తెలిసింది. వైద్యులు ఆ నిందను విడిచిపెట్టి దశాబ్దాలు గడిచాయి. మన ఇళ్లలో మాత్రం అది మరో రూపంలో మిగిలే ఉంది. "ఈమాన్ గట్టిగా ఉంటే ఇంత దిగులెందుకు?" అని పెద్దలు అనేస్తారు. "నమాజు సరిగ్గా చేస్తే మనసు కుదుటపడుతుంది కదా!" అని హితబోధ చేస్తారు. ఇంకొందరు నజర్ తగిలిందని తావీజుల కోసం తిరుగుతారు. ఆ తిరుగుడులో నెలలు గడిచిపోతాయి.

యూసుఫ్ (అ) కోసం దుఃఖించి దుఃఖించి యాఖూబ్ (అ) కన్నులు తెల్లబారిన సంగతి ఖుర్ఆన్‌లోనే ఉంది. ఆయన ఈమాన్‌ను శంకించే ధైర్యం మనలో ఎవరికుంది? చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించిన సంగతీ మనకు తెలిసిందే. ఆ ఆదేశం శరీరానికి మాత్రమేనని, మనసుకు వర్తించదని భావించడానికి ఆధారం ఏదీ లేదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్-బల్ఖీ ఈ విషయం మీద 'మసాలిహ్ అల్-అబ్దాన్ వల్-అన్ఫుస్' అనే గ్రంథమే వ్రాశారు. శరీరం, మనసు ఒకదాని బాధ మరొకదానికి అంటించుకుంటాయని, వైద్యుడు రెండింటినీ చూడాలని ఆయన వాదించారు. దుఃఖాన్ని రెండు రకాలుగా విడదీశారు: కారణం తెలిసినది, కారణం తెలియనిది. రెండవదాని మూలం శరీరంలో ఉంటుందని, దానికి శరీర వైద్యం కావాలని చెప్పారు. ఆనాటి ఔషధాలు ఈనాడు పనికిరాకపోవచ్చు. కాని ఆయన వేసిన దారి ఎంత దూరం చూసిందో గమనించండి.

పేగుకూ మెదడుకూ మధ్య వేగస్ నాడి ద్వారా ఎడతెగని రాకపోకలు ఉంటాయి. పేగు గోడల్లో కోట్లాది నాడీకణాలున్నాయి. వాపు వల్ల రక్తంలోకి వచ్చే రసాయనాలు మెదడును తాకి నిస్సత్తువను, దిగులును పెంచగలవు. ఆందోళన తిరిగి పేగు కదలికను, నొప్పి తీవ్రతను పెంచుతుంది. అందుచేత ఒక చిక్కు వస్తుంది. విరేచనాలు, కడుపునొప్పి తగ్గలేదంటే పేగులో వాపు మళ్లీ వచ్చిందని రోగి భావిస్తాడు. స్టెరాయిడ్లు పెంచమని అడుగుతాడు. నిజానికి వాపు అణగి ఉండి, పేగు అతిగా స్పందించడం వల్ల కూడా ఆ లక్షణాలు రావచ్చు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పదార్థాన్ని కొలిచే పరీక్ష ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. దీని గురించి వైద్యుణ్ణి అడగడం మంచిది.

కుంగుబాటు అని తేల్చేముందు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. రక్తం పోవడం వల్ల వచ్చే రక్తహీనత, చిన్నపేగు చివరి భాగం దెబ్బతిన్నపుడు వచ్చే బి12 లోపం, థైరాయిడ్ లోపం కూడా మనిషిని ఇలాగే నీరసింపజేస్తాయి. వ్యాధిని అదుపు చేయడానికి ఇచ్చే ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు కొందరికి నిద్ర చెడగొట్టి చిరాకును, దిగులును తెస్తాయి. అలాగని వాటిని ఎవరికి వారు హఠాత్తుగా ఆపివేయడం ప్రమాదకరం. మోతాదు నెమ్మదిగా తగ్గించే పని వైద్యుడిదే.

మనసు మందులంటే మనవారికి ఒక భయం ఉంది. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలవని, మత్తులో ముంచుతాయని. ఈ భయం పొరపాటు. ఎస్సిటాలోప్రామ్ వంటి కుంగుబాటు మందులు వ్యసనం కలిగించేవి కావు. అవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనసు తేరుకున్న తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడి, క్రమంగా ఆపుతారు. మొదటి రోజుల్లో వికారం, పలుచటి విరేచనాలు కావచ్చు. పేగు రోగి దీన్ని వ్యాధి తిరగబెట్టడంగా భావించి మందు మానేస్తాడు. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ తొందర ఉండదు. ఇదే వర్గానికి చెందిన సెర్ట్రలీన్‌తో విరేచనాల బాధ కాస్త ఎక్కువ. ఈ మందులతో పాటు ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వేసుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. పేగుకూ ఆ మాత్రలు పడవు. తక్కువ మోతాదులో అమిట్రిప్టిలీన్ కడుపునొప్పిని, విరేచనాలను తగ్గించి నిద్ర తెస్తుంది. జాగ్రత్త పడవలసింది అల్ప్రాజోలామ్ విషయంలో. తక్షణం ఉపశమనమిస్తుంది గనుక మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనేవారున్నారు; అలవాటు పడే మందు అదే.

మందుతో పాటు మాటల చికిత్స కూడా ఉంది. 'బయటికి వెళితే తప్పక పరువు పోతుంది' వంటి ఆలోచనలను పరీక్షించి, వదిలివేసిన పనులను కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెట్టించే పద్ధతి ఇది. దీనివల్ల రోగుల బతుకు మెరుగవుతుంది. పేగులోని వాపు దానివల్ల తగ్గుతుందని మాత్రం చెప్పలేము. కాబట్టి పేగు మందులకు బదులుగా దీన్ని వాడకూడదు.

మన పాఠకుల ఆందోళనలో ఆరాధనలకు సంబంధించిన పాలు పెద్దదే. వుజూ నిలవడం లేదన్న బెంగతో నమాజునే వదిలి, ఆ అపరాధభావంతో ఇంకా కుంగేవారున్నారు. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ పూర్తిచేసే వ్యవధి కూడా దొరకనంతగా స్రావం ఉన్నవారిని హనఫీ ఫిఖ్హ్ మాజూర్‌గా పరిగణిస్తుంది. వారు ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే చాలు. ఆ వేళ ముగిసేదాకా, అదే కారణం వల్ల అది భంగం కాదు. పొట్టకు సంచి అమర్చినవారు కూడా ఇదే నియమాన్ని తమ ఆలింను అడిగి తెలుసుకోవచ్చు. వ్యాధిగ్రస్తులకు రోజాల నుంచి మినహాయింపు బఖరా సూరాలోనే ఉంది. ఉపవాసం ఉండవచ్చా లేదా అన్నది పేగు వైద్యుడు చెప్పాలి. ఖజాయా, ఫిదియానా అన్నది ఆలిం చెప్పాలి. పక్కింటివారికి ఇందులో పనిలేదు.

ఇంట్లోవారు ఒక ప్రశ్న అడగడానికి జంకకూడదు: "బతకాలని అనిపించడం లేదా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునన్న జవాబు వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలక, అదే రోజు వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే అందుతుంది. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 'ఎర్రగడ్డ' అన్న మాటను తిట్టుగా వాడే అలవాటు మనలో ఉండడం సిగ్గుచేటు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా సంస్థలు మానసిక చికిత్సను శరీర చికిత్సతో సమానంగా చూడాలి. పాలసీ కాగితాలు ఒకసారి తీసి చూడండి.

మానసిక వైద్యుని వద్దకు మొదటిసారి వెళ్లేటప్పుడు పేగు వ్యాధికి వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకువెళ్లాలి. ఆయన వ్రాసిన మందును మరుసటిసారి పేగు వైద్యునికి చూపాలి. గదిలో కుటుంబసభ్యులు కాసేపు బయట కూర్చుంటే, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, చెప్పలేకపోయిన సంగతులు బయటికి వస్తాయి.