బ్లూగ్రాస్ సంగీతం: వినడం ఎలా?



మాండొలిన్ అనగానే మనకు పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ (1969-2014) గుర్తుకొస్తారు. అమెరికాలో కెంటకీ రాష్ట్రానికి చెందిన బిల్ మన్రో (1911-1996) కూడా మాండొలిన్ వాద్యకారుడే. ఆయన బృందం ‘బ్లూ గ్రాస్ బాయ్స్’. ఆ బృందం రూపొందించిన శైలికే బ్లూగ్రాస్ అనే పేరు స్థిరపడింది.

తరగతిలో ఒక బ్లూగ్రాస్ పాట పెట్టించుకుని వినండి. సంప్రదాయ బృందంలో డ్రమ్ములుండవు. మరి లయ ఎక్కడిది? ఒకటి నుంచి నాలుగు వరకు లెక్కిస్తూ తాళం వేయండి. 1, 3 లెక్కలపై బాస్ మోగుతుంది. 2, 4 లెక్కలపై మాండొలిన్ తీగలను మీటి, వెంటనే ఆపేస్తారు. ఆ ‘టక్’ శబ్దమే డ్రమ్ము పని చేస్తుంది.

రెండోసారి బాంజోను గమనించండి. ఎర్ల్ స్క్రగ్స్ 1945 చివర ఈ బృందంలో చేరి, మూడు వేళ్లతో వేగంగా మీటే పద్ధతికి పేరు తెచ్చారు. ఫిడేలు, బాంజో, మాండొలిన్ వంతులవారీగా ముందుకొస్తాయి. ఒకటి వాయిస్తుంటే మిగిలినవి తగ్గి సహకరిస్తాయి.

ఈ బాంజో ఎవరిది? ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన ప్రజలు సొరబుర్రకు తోలు బిగించి చేసుకున్న వాద్యమే దీనికి మూలం. మన్రో కూడా యువకుడిగా ఉన్నప్పుడు ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి గిటారు విద్వాంసుడితో కలిసి వాయించారు. అయినా బ్లూగ్రాస్‌ను చాలాకాలం తెల్లవారి కొండపాటగానే చెప్పుకొచ్చారు.

కాబట్టి ఏ సంగీతం విన్నా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇప్పుడు ఏ వాద్యం పలుకుతోంది? అది ఎవరి చేతుల మీదుగా మన దాకా వచ్చింది?